బోర్లించిన చీటీలు

చెంచా పైకి లేచేటప్పుడు ఒక మాట, నోట్లోకి వెళ్లేటప్పుడు దాని అర్థం, గుటక పడ్డాక మళ్లీ అదే మాట. బొత్తాం కనిపెట్టిన చదువు పద్ధతి ఇది.

"టాసిటర్న్," అంది చెంచా ఎత్తుతూ.

నాన్న నోరు తెరిచాడు. కుడివైపు పెదవి వాలిపోయి ఉంటుంది కనుక ఎడమ పక్క నుంచి పెట్టాలి, లేకపోతే సగం గడ్డం మీదికి కారుతుంది.

"తక్కువగా మాట్లాడేవాడు. మింగు నాన్నా." గొంతు పైకి కిందికి కదిలేదాకా చూసి, "టాసిటర్న్," అని ముగించింది. ఆ చీటీని దుప్పటి మీద పడేసి, ఒళ్లో ఉన్న దొంతర లోంచి ఇంకోటి తీసింది.

పక్షవాతం వచ్చిన రోజు కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పోయాయి ఆయనకి. ఊళ్లో సగం మందికి చొక్కాలు కుట్టిన మనిషి. బట్ట కొలిచినంతసేపూ నోరు ఆగేది కాదు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడేవాడు. ఇప్పుడు కిటికీ పక్క మంచం మీద దిళ్లకి ఆనుకుని, ఎడమ చేతి వేళ్లతో దుప్పటి అంచు తడుముతూ ఉంటాడు. కుట్టు ఎక్కడ వదులైందో అక్కడ వేలు ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. కూతురికి బొత్తాం అని పేరు పెట్టింది ఆయనే. పుట్టినప్పుడు చిన్నగా, గుండ్రంగా, ఎక్కడైనా జారవిడిస్తే మళ్లీ దొరకదేమో అన్నట్టు ఉండేదట. ఇంట్లో మిగతావాళ్లకి ఆమె అసలు పేరే అలవాటు. బొత్తాం అని పిలిచేది ఆయన ఒక్కడే కనుక, ఇప్పుడు ఆ పేరు ఎవరి నోటా రావడం లేదు.

"ఇమ్మినెంట్. ఇప్పుడో ఇంకాసేపట్లోనో జరగబోయేది. మింగు నాన్నా."

ఆదివారం పరీక్ష. ఆఫీసులో బొత్తాం టెంపరరీ టైపిస్టు. ఆమె తర్వాత చేరినవాళ్లందరూ పర్మనెంటైపోయి, ఆమె టైపు చేసిన కాగితాల మీదే దర్జాగా సంతకాలు గిలుకుతున్నారు. వాళ్లకీ ఆమెకీ మధ్య ఉన్న గోడ ఇంగ్లీషు పేపరు. అందులోనూ పదాల విభాగం. మామూలు ఇంగ్లీషు ఆమెకి కొట్టినపిండే. కానీ ఆ ప్రశ్నలు తయారుచేసే మహానుభావులు ఎవరూ మాట్లాడని, ఎవరూ రాయని, పరీక్షల కోసమే భూమిలో పాతిపెట్టి ఉంచినట్టుండే మాటలు తవ్వి తీస్తారు. వయసు లెక్కన ఆమెకి ఇదే ఆఖరి అవకాశం. ఈసారి పోతే టెంపరరీగానే తల నెరిసిపోతుంది.

అందుకే వారమంతా సెలవు పెట్టింది. సెలవు పెట్టింది నాన్నని చూసుకోవడానికని వదిన ఇరుగుపొరుగుతో చెప్పింది. అదీ పూర్తిగా అబద్ధం కాదు. ఆఫీసున్న రోజుల్లో పొద్దున, రాత్రి, సెలవుల్లో మూడు పూటలా తినిపించేది బొత్తామే. ఒక్కో పూట బోలెడు సేపు పడుతుంది, అందుకే ఆ సమయాన్ని వృథా పోనివ్వకుండా చదువుకి వాడుకుంటోంది. నెలల తరబడి ఇదే తంతు. "ఆయన చెవిలో ఏదో ఒక గొంతు పడుతుండటం మంచిదేగా," అని వదిన కూడా మెచ్చుకుంది.

నాన్న ఎడమ చెయ్యి దుప్పటి అంచు వదిలి, పడేసిన చీటీల వైపు పాకింది. ఒకటి పట్టుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని, మెల్లగా బోర్లించాడు. ఇంకోటి తీసి అదీ బోర్లించాడు. చీటీలు ఆయన దుకాణం కాగితాలే. గోడ మేకులకి వేలాడుతుండే కత్తిరింపు నమూనాలవి, దళసరి గోధుమరంగు కాగితం. దుకాణం ఖాళీ చేసినప్పుడు చుట్ట చుట్టి మంచం కింద పడేస్తే, ఇంక ఎవరికి పనికొస్తాయని వదినే తీసి ఇచ్చింది. బొత్తాం ఆయన కత్తెరతోనే, ఆయన ఎదురుగానే కూర్చుని ముక్కలు చేసింది. ఆవేళ ఆమె కత్తెర ఆడించినప్పుడల్లా ఆయన ఎడమ చేతి వేళ్లు రెండు గాలిలో తెరుచుకుని మూసుకున్నాయి. చేతి అలవాటు ఎక్కడికీ పోదు కాబోలు అనుకుని నవ్వుకుంది.

"అబ్బా, తిప్పకు నాన్నా. మాట పైకి కనబడాలి," అంటూ చీటీలు మళ్లీ తిరగేసింది.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. పెదవులు రెండూ గట్టిగా కలిపి, విడదీయలేక, బుగ్గలు వణికించాడు. గొంతులోంచి ఏదో మూలుగు లేచింది.

"తర్వాత నాన్నా, తర్వాత," అంది బొత్తాం, తల ఎత్తకుండానే. "వెస్టిజ్. పోయినదాని తాలూకు మిగిలిన ఆనవాలు. మింగు."

*

బుధవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. వదిన బట్టలు తియ్యడానికి మేడ మీదికి వెళ్లింది. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. బొత్తాం వంటింట్లో గిన్నె తోముతూ పొద్దున చదివినవన్నీ నెమరేసుకుంటోంది. ఒకచోట బండి ఆగిపోయింది. ఒంట్లో సత్తువ లేకపోవడం, చెయ్యెత్తాలన్నా బద్ధకంగా ఉండటం. దానికో మాట ఉంది. ఎల్‌తో మొదలవుతుంది. చీటీ కళ్ల ముందు కనబడుతోంది, మాట మాత్రం రావడం లేదు. "నీరసం... నీరసానికి..." అని పైకే అంటూ గిన్నెని అరిగిపోయేలా తోముతోంది.

"లాసిట్యూడ్," అంది ఒక గొంతు.

నిజమే, అదే మాట అనుకుని తోముడు సాగించింది. రెండు క్షణాల తర్వాత గిన్నె చేతిలోంచి జారింది. 

ఇంట్లో ఎవరూ లేరు.

"లాసిట్యూడ్," అంది ఆ గొంతు మళ్లీ, ముందు గదిలోంచి. ఆ బొంగురు నాన్నది. అందులో అనుమానం లేదు, చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ పలికిన తీరు ఆయనది కాదు. ఆ తొందర, చివరి అక్షరం దగ్గర ఆ విసుగు, మాటకీ మాటకీ మధ్య చెంచా ఎత్తేంత విరామం. అది తనది. తను ఆయన గొంతులోంచి మాట్లాడుతున్నట్టు ఉంది.

"నీరసం," అంది గొంతు. కాస్త ఆగి, "మింగు నాన్నా," అంది.

 బొత్తాం చేతుల నుంచి సబ్బునీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి తొంగి చూసింది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దుప్పటి అంచు మీద వేలు నడుస్తోంది. ఎదురుగా ఎవరూ లేరు. ఆయన నోరు ఎడమ పక్కగా తెరుచుకుని, దేన్నో అందుకున్నట్టు మూసుకుని, గొంతు ఒకసారి పైకి కిందికి కదిలింది. ఖాళీ నోటితోనే మింగాడు.

"లాసిట్యూడ్," అని ముగించాడు.

*

వదినకి ఈ సంగతి తెలియడమే ఆలస్యం, వీధంతా తెలిసిపోయింది. "మా మావయ్యకి మాట వచ్చేసింది! అదీ మామూలు మాట కాదు, ఇంగ్లీషు!" అని మేడ మీద నుంచే ప్రకటించేసింది. పొద్దుగూకేలోగా పక్కింటి రిటైర్డు కండక్టరు చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి మంచం దగ్గర కుర్చీ లాక్కున్నాడు.

"ఏమయ్యా టైలరూ, జబ్బు వంకతో నా ప్యాంటు ఎగ్గొడదామనుకున్నావా? ఎప్పుడిస్తావు?"

నాన్న ఆయన వైపు చూశాడు. పైనుంచి కింది దాకా, కొలతలు తీసుకునే చూపు.

"ఆబ్సొలీట్," అన్నాడు.

కండక్టరు మురిసిపోయాడు. "విన్నారా? అమ్మాయ్, ఏమన్నాడు, ఏమన్నాడు?"

కాలం చెల్లిపోయినది అని అర్థం. బొత్తాం మాత్రం, "పాతకాలం పెద్దమనుషులని అంటున్నారండీ," అంది.

"మరి! వీడికి నేనంటే మొదటి నుంచీ గౌరవమే."

వదిన ఊరుకుంటుందా. మంచానికి ఇటు వచ్చి, "మావయ్యా, నన్ను గుర్తుపట్టారా? నేనండీ, మీ కోడల్ని. పొద్దున జావలో ఉప్పు ఎక్కువైందా? నిన్న చలిగా ఉందని రెండో దుప్పటి కప్పాను, గుర్తుందా? మీ అబ్బాయి డ్యూటీ నుంచి వస్తే ఎంత సంబరపడతారో..." అని గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

"గ్యారులస్," అన్నాడు నాన్న.

"ఏంటి? నాకేం చెప్పారు?"

వాగుడుకాయ అని అర్థం. "మంచి కోడలివని," అంది బొత్తాం. అంతకు మించి ఏమనగలదు.

వదిన కళ్లు తుడుచుకుంది. గుమ్మంలో నిలబడ్డవాళ్లు నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య నాన్న తల మెల్లగా ఇటు తిరిగింది. కళ్లలో నవ్వు లేదు. కూతుర్ని చాలాసేపు చూశాడు. పెదవులు కలిపి, వణికించి, విడిచిపెట్టి, చివరికి అలసిపోయినవాడిలా అన్నాడు.

"ఇన్‌ఎక్సొరబుల్."

"అదేంటమ్మా?" అన్నాడు కండక్టరు.

ఎంత వేడుకున్నా కరగనిది. నిన్న సాయంత్రం చదివిన చీటీ. "అది నాకింకా రాదండీ," అంది బొత్తాం.

ఆ మాటలన్నీ మనుషుల గుణాల మీద మాటలే కదా, ఏ మనిషికి ఏది అంటగట్టినా ఎక్కడో ఒకచోట అతుకుతుంది, అంతే, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ మాట బాగానే ఉంది. అయినా వాళ్లందరూ వెళ్లిపోయాక, దీపం వేసి, ఆయనకి తినిపించడానికి కూర్చున్నప్పుడు ఆమె కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. భయపడింది. కన్న తండ్రిని చూసి భయపడ్డానని ఒప్పుకోవడానికి సిగ్గు కూడా పడింది.

*

భయం ఒక్క పూట నిలిచింది. అవసరం దాన్ని మింగేసింది.

గురువారం పొద్దున బొత్తాం చీటీలు తీసుకుని పెరట్లోకి వెళ్లింది, ఒంటరిగా చదువుకుందామని. ఒక్క మాటా తలకెక్కలేదు. కళ్లు అక్షరాల మీద నడుస్తున్నాయి, లోపల మాత్రం ఇసుకలో పోసిన నీళ్లలా ఏదీ నిలవడం లేదు. అర్థం పైకి అనుకుని మాట కోసం చూస్తే లోపల ఖాళీ. నెలల నుంచి వల్లె వేసినవి కూడా పోయాయి.  పరిగెత్తినట్టు ముందు గదిలోకి వచ్చింది.

"నాన్నా, ఎంత పొగిడినా తరగని... కాదు, ఊరికే ముఖస్తుతి చేసేవాడు?"

"సైకోఫాంట్," అన్నాడు నాన్న, కిటికీ వైపు చూస్తూనే.

"ఉన్నదంతా పోగొట్టుకుని మిగిలినవాడు?"

"బిరెఫ్ట్."

"కాసేపుండి పోయేది?"

"ఎఫిమెరల్."

అన్నీ ఉన్నాయి. ఆయన దగ్గర ఉన్నాయి. తను ఒక్కో చెంచాతో లోపలికి పంపిన ప్రతిదీ, పంపిన క్రమంలో, పంపిన గొంతుతో ఆయనలో ఉంది. తనలో లేదు. ఆయన పలికిన మరుక్షణం మాత్రం అది తనలోకి తిరిగి వచ్చి, పక్కాగా కూర్చుంటోంది. ఎలా అని ఆలోచించడానికి తీరిక లేదు. ఆ రోజంతా బొత్తాం అడుగుతూ పోయింది. ఆయన చెబుతూ పోయాడు. తినేటప్పుడు అడిగింది, ఒళ్లు తుడుస్తూ అడిగింది, పక్క మారుస్తూ, వీపు కింద దిండు సర్దుతూ అడిగింది. ఆయన నుదుటి మీద నరం ఉబ్బింది. ఎడమ కన్ను ఎర్రబడింది. మాట చెప్పి, మింగినట్టు గొంతు కదిలించి, "మింగు నాన్నా" అని తనకి తనే చెప్పుకుని, ఇంకో మాటకి సిద్ధంగా నోరు తెరిచేవాడు. బావిలోకి చేద వదిలి లాగినట్టు లాగింది బొత్తాం.

మధ్యమధ్యలో ఆయన ఆగిపోయేవాడు. ఆమె ముఖాన్నే చూస్తూ పెదవులు బిగించేవాడు. "బ్..." అని ఒక చిన్న శబ్దం. మళ్లీ బిగించేవాడు. "బ్..."

"అది కాదు నాన్నా. అది ఎస్‌తో మొదలవుతుంది," అనేది బొత్తాం. ఇంకా అలాగే పెదవులు బిగిస్తే, "తర్వాత నాన్నా, తర్వాత," అనేది.

*

శుక్రవారం క్లినిక్కులో స్పీచ్ థెరపీ. మాటల డాక్టరమ్మ అని వదిన అంటుంది. సన్నగా, నిదానంగా ఉండే మనిషి. నాన్నని బల్ల ముందు కూర్చోబెట్టి బొమ్మల కార్డులు ఒక్కోటే చూపించింది. నీళ్ల గ్లాసు. కుర్చీ. పిల్లి. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. పక్క కుర్చీలో వదిన పెదవులు కదిలిస్తూ అందించబోయింది. డాక్టరమ్మ కళ్లతోనే ఆపింది.

కత్తెర బొమ్మ పెట్టింది. నాన్న వేళ్లు రెండు లేచి, తెరుచుకుని మూసుకున్నాయి. నోరు తెరిచాడు. ఆ నోట్లో కత్తెర అనే మాట కోసం వెతుకులాట బొత్తాంకి స్పష్టంగా కనబడింది. గదిలో వస్తువు పోగొట్టుకున్నవాడు చీకట్లో తడుముకున్నట్టు ఉంది. దొరకలేదు. దొరికినదే ఇచ్చాడు.

"వెస్టిజ్," అన్నాడు. "మింగు నాన్నా."

డాక్టరమ్మ కార్డు కింద పెట్టింది. 

"ఇంట్లో ఈయనతో ఎక్కువ మాట్లాడేది ఎవరు?"

"ఇంకెవరండీ, మా ఆడపడుచే," అంది వదిన గర్వంగా. "మూడు పూటలా పక్కన కూర్చుని గంటలు గంటలు మాట్లాడుతుంది. కూతురంటే అలా ఉండాలని అందరూ అంటారు."

"ఏం మాట్లాడతారు?" అని డాక్టరమ్మ బొత్తాంనే అడిగింది.

 చెప్పక తప్పలేదు. చెంచా, చీటీ, మాట, అర్థం. చెబుతుంటే ఆ పద్ధతి తన చెవికే వింతగా వినబడింది.

"ఇవి కాక?"

"ఇవి కాక... మింగమంటాను."

"ఇంకా?"

బొత్తాం ఆలోచించింది. ఇంకా ఏమీ లేదు. వాన పడుతోందని ఎప్పుడైనా చెప్పిందా? అన్నయ్య ఫోను చేశాడని? ఆఫీసులో ఫలానావాడు ఇలా అన్నాడని, నువ్వుంటే నవ్వేవాడివని? లేదు. ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని బొత్తాం అనుకుంది. "మాట తిరిగి వచ్చేటప్పుడు తనకి ఏది వినబడుతుంటే దాన్ని పట్టుకునే వస్తుందండీ. ఆయనకి మీ గొంతు వినబడింది. మీరు ఆయనతోనే మాట్లాడుతున్నారనుకున్నారు. జవాబు చెప్పాలని కష్టపడి అవన్నీ నేర్చుకున్నారు." కార్డులు దొంతర పెడుతూ, "పెదవులు బిగిస్తున్నారు, గమనించారా? సొంత మాట ఏదో తోసుకొస్తోంది. అలాంటప్పుడు ఆగాలి. ఎంతసేపైనా ఆగాలి. ఇవాళ్టి నుంచి ఆ చీటీలు ఆపేసి ఆయన మాటలు ఆయనకి వినిపించండి. సూది, దారం, బట్ట, ఏదైనా సరే. మీ పేరు చెప్పండి. ఇప్పుడు ఏది పాతుకుంటే అదే ఉంటుంది."

"ఆదివారం పరీక్షండీ," అంది బొత్తాం.  "ఆదివారం సాయంత్రం నుంచి మొదలుపెడతాను. ఒట్టు."

డాక్టరమ్మ ఆమెని చూసి తల ఊపింది. అది సరేననడమో, ఇంకేదైనానో తెలియలేదు.

ఇంటికి వచ్చాక బొత్తాం ఆయన పక్కన ఉత్త చేతులతో కూర్చుంది. "సూది," అంది. "దారం." ఆయన కళ్లు వెలిగాయి, నిజంగా వెలిగాయి, ముందుకి వంగాడు. పెదవులు బిగిశాయి. ఆ మౌనంలో ఆమె బుర్రలో మాత్రం చదవని చీటీలన్నీ గుట్టగా కదులుతున్నాయి. కాసేపు ఓపిక పట్టింది. ఇంకాసేపు పట్టింది. చెయ్యి దానంతట అదే ఒళ్లోకి వెళ్లి చీటీ తీసింది. ఆయన వెనక్కి దిండుకి ఆనుకుని, నోరు తెరిచాడు.

*

ఆదివారం పొద్దున అన్నయ్య బైకు గుమ్మం ముందు పెట్టి హారన్ కొడుతున్నాడు. బొత్తాం చివరి చెంచా పెట్టి, నాన్న గడ్డం తుడిచి, మంచం మీది చీటీల్లో తనకి ఇంకా తడబాటుగా ఉన్నవి కొన్ని ఏరి సంచిలో వేసుకుంది. దారిలో చూసుకోవచ్చని.

లేవబోతే కొంగు పట్టుకున్నట్టు చున్నీ చెంగు బిగిసింది. నాన్న ఎడమ చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు కలిపి అంచు పట్టుకున్నాడు, బట్ట నాణ్యం చూసే పట్టు.

"బ్..." అన్నాడు. పెదవులు బిగిశాయి. మెడ నరాలు తేలాయి. "బొ..."

ఆమె వింది. ఆ అక్షరం చీటీల్లోది కాదు. ఆ పలకడంలో తన తొందర లేదు. అది ఆయనదే, పూర్తిగా ఆయనది, ఎన్నో నెలల కింద వినబడటం మానేసిన గొంతు.  ఆయన కళ్లు పెద్దవయ్యాయి, నోరు గుండ్రంగా అలాగే ఉండిపోయింది, మిగతా సగం కోసం.

బయట హారన్. "గేటు మూసేస్తారే, త్వరగా!" అన్నయ్య కేక.

ఆగాలి. ఎంతసేపైనా ఆగాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"తర్వాత నాన్నా," అంది బొత్తాం. "వచ్చేస్తాగా. తర్వాత." ఆయన వేళ్ల మధ్య నుంచి చున్నీ చెంగు లాక్కుంది. గట్టిగా లాగాల్సిన పని లేకపోయింది.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రశ్నపత్రం తెరిచింది. మొదటి ప్రశ్న చదవగానే కుడి చెవి పక్కన, అంత దగ్గరగా, నాన్న గొంతు జవాబు చెప్పింది. గుర్తు పెట్టింది. రెండోది. మూడోది. ప్రతి మాటా వస్తోంది, తప్పకుండా, తడుముకోకుండా. ప్రతి మాట తర్వాతా "మింగు నాన్నా" అని వినబడుతోంది, ప్రతిసారీ ఆమె గొంతు దానంతట అదే గుటక వేస్తోంది. పక్క బల్ల మీద అమ్మాయి ఈ చప్పుడుకి తలెత్తి చూసింది. బొత్తాం నోటి మీద చెయ్యి పెట్టుకుని రాస్తూ పోయింది. కాగితం నిండేకొద్దీ గొంతు పలచబడసాగింది. ఒక్కో మాట ఇచ్చేసి, ఇచ్చినదాన్ని మళ్లీ వెనక్కి తీసుకోకుండా, ఎక్కడికో దూరంగా నడిచి వెళ్తున్నట్టు. ఆఖరి ప్రశ్నకి వచ్చేసరికి గుసగుస. ఆ తర్వాత ఫ్యాన్లు.

ఆమె పేపరు అంత బాగా ఎప్పుడూ రాయలేదు. పాసవుతానని కుర్చీలోంచి లేచేటప్పుడే తెలిసిపోయింది. మెట్లు దిగుతుంటే సంతోషం కోసం చూసుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి.

*

"ఎలా రాశావ్?" అంది వదిన తలుపు తీస్తూనే. జవాబు కోసం ఆగకుండా గొంతు తగ్గించి, "మావయ్య ఒక్క ముక్క మాట్లాడలేదు నువ్వెళ్లిన దగ్గర్నుంచీ. కండక్టరుగారొచ్చి పలకరించినా సరే, ఉలుకూ పలుకూ లేదు. ఆ ఇంగ్లీషు కూడా లేదు. అన్నం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఒకటే పని, చూడు," అంది.

నాన్న మంచం మీద కాస్త ముందుకి వంగి కూర్చున్నాడు. దుప్పటి ముడతలు లేకుండా లాగి, బల్లలా చేసుకున్నాడు. దాని మీద చీటీలు. పేర్చినవన్నీ బోర్లించి ఉన్నాయి. ఒక్క ఇంగ్లీషు అక్షరం పైకి లేదు. ఒకదాని పక్కన ఒకటి, అంచుకి అంచు ఆనించి, వేలితో నొక్కి సరిచేసి పెట్టాడు. ఇంకా పేర్చనివి పక్కన కుప్పగా ఉన్నాయి.

బొత్తాం దగ్గరికి వెళ్లింది. ఎప్పుడూ ఆ పక్క పట్టించుకోలేదు తను. ప్రతి చీటీ వెనకా పెన్సిలు గీత ఉంది, ఒక్కోటి ఒక్కో ముక్కగా. ఇప్పుడు ఆ గీతలు ఒకదానిలోకి ఒకటి నడుస్తున్నాయి. భుజం. మెడ గుండ్రం. చంక దగ్గర లోపలికి తిరిగిన వంపు. దాని పైన కుచ్చు కోసం వదిలిన గుర్తులు. బుట్టచేతుల గౌను. దాని మెడ ఆమె పిడికిలి పట్టేంత ఉంది. ఈ ఇంట్లో అలాంటి గౌను ఎప్పుడైనా ఎవరికైనా కుట్టారంటే అది తనకే.

గౌను ఎడమ చెయ్యి దగ్గర ఒక్క ముక్క ఖాళీ. నాన్న వేలు ఆ ఖాళీ చుట్టూ తిరుగుతోంది, కుప్పలోకి వెళ్లి వెతుకుతోంది, మళ్లీ వస్తోంది.

ఆమె సంచి తెరిచి, పొద్దున తీసుకెళ్లిన చీటీలు బయటికి తీసి, ఒక్కోటీ తిప్పి చూసింది. వంపు గీత ఉన్నది ఇచ్చింది. ఆయన అందుకున్నాడు. ఎవరిచ్చారని చూడలేదు. ఖాళీలో పెట్టి, బొటనవేలితో నొక్కాడు. గీత కలిసింది. ఇంకో చీటీ కోసం చెయ్యి చాపాడు. ఇచ్చింది.

వదిన జావ గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్లింది. బొత్తాం మంచం పక్కన కూర్చుంది. మొదటిసారి ఒళ్లో ఏ చీటీ లేదు, వెళ్లాల్సిన చోటూ లేదు. సాయంత్రం మొత్తం ఉంది, రేపు ఉంది, ఎల్లుండి ఉంది.

"నాన్నా," అంది. "బయట మబ్బు పట్టింది. వాన వచ్చేలా ఉంది."

ఆయన చీటీ అంచు సరిచేశాడు.

"పరీక్ష బాగా రాశాను నాన్నా. నువ్వు చెప్పినవే రాశాను."  చెంచా గిన్నెలో పడేసి ఆయన చెయ్యి పట్టుకుంది. "పొద్దున నన్ను పిలవబోయావు కదా. బొ అన్నావు. నేను విన్నాను. ఇప్పుడు పిలువు నాన్నా. ఎంతసేపైనా కూర్చుంటాను. ఒక్కసారి పిలువు."

ఆయన తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. కుప్పలోంచి ఇంకో ముక్క తీసి, వెలుగుకి పట్టి, గీత ఎటు పోతోందో చూశాడు. తల ఎత్తలేదు. ఆమె గొంతుతోనే, ఆమె తొందరతోనే అన్నాడు.

"తర్వాత నాన్నా, తర్వాత."

బొత్తాం గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జావ చల్లారిపోతోంది. ఆయన ఇంకో చీటీ బోర్లించాడు.